ఈ గుండ్లను ఎవరు పేర్చారు?

హైదరాబాదులో మౌలాలి గుట్ట ఎక్కే పిల్లలు ఒకటి తప్పక అడుగుతారు: ఈ గుండ్లను ఒకదానిమీద ఒకటి ఎవరు పేర్చారు? మనుషులెవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోతుల్లో శిలాద్రవం మెల్లగా చల్లారి గ్రానైటుగా గట్టిపడింది. పైపొరలు అరిగిపోయి బరువు తగ్గేసరికి అది పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి నీరు దిగింది. మూలలకు అన్ని వైపులా తడి తగులుతుంది కనుక ముందు అవే మట్టయ్యాయి. నడిమి గట్టిభాగం గుండుగా మిగిలింది. మట్టిని వానలు కడిగేశాయి, గుండ్లు ఉన్నచోటే నిలిచాయి. గోల్కొండ కోటగోడ కొన్నిచోట్ల ఇలాంటి గుండ్లనే కలుపుకుని లేచింది. మనమో, కంకరకనీ ఇళ్ల స్థలాలకనీ ఎన్నిటినో పేల్చేశాం. గుట్ట దిగేటప్పుడు ఉల్లిపొరల్లా లేచిన రాతిపలకలను పిల్లలకు చూపండి. బరువు తగ్గి విచ్చుకున్న రాయి అదే.