ఆదిమ సంఘపు పునాదులు: అపోహలు – వాస్తవములు

క్రైస్తవ విశ్వాసము తన సరళమైన మూలములకు మరలవలెనను మాట నేడు పలు సంఘములలో వినవచ్చుచున్నది. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయినను ఆ మూలములెట్టివో విచారింపక మరలబూనినవారు తాతలనాటి అలవాటులనే అపొస్తలులనాటి ఆచారములుగా భ్రమించుట పెక్కుచోట్ల కానవచ్చుచున్నది.

అపోహ: దేవాలయము కట్టుకొననిదే సంఘము సంపూర్ణము కానేరదు.

తొలి రెండు శతాబ్దములలో విశ్వాసులు ప్రధానముగా ఇండ్లలోనే కూడుకొనుచుండిరి. అకుల ప్రిస్కిల్లల యింటను, ఫిలేమోను యింటను సంఘములుండెనని పౌలు పత్రికలే సాక్ష్యమిచ్చుచున్నవి. సిరియాలో యూఫ్రటీసు తీరమున దూరా యూరోపస్ అను పట్టణముండెను. క్రీ.శ. 256 ప్రాంతమున పారసీకులు ముట్టడించిన వేళ కోటగోడను బలపరచుటకు పోసిన మట్టిలో పూడిపోయి, త్రవ్వకములలో మరల వెలువడిన అచ్చటి ప్రార్థనాస్థలము నిజమునకు ఒక సామాన్య గృహమే. రెండు గదుల నడిమి గోడను తొలగించి సభకు చోటు చేసికొనిరి. చిన్న గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, దానిపై గొఱ్ఱెను భుజమున మోయు కాపరిని చిత్రించుకొనిరి. అజరయ్య బిషప్పుగారి కృషితో డోర్నకల్లున వెలసి, 1939లో ప్రతిష్ఠితమైన దేవాలయమును నేను తక్కువచేయను, అది కన్నులపండువయే. కాని సంఘమనగా కూడివచ్చిన జనమే.

అపోహ: ఆదివారారాధనమును కాన్‌స్టంటైన్ చక్రవర్తి కల్పించెను, బైబిలులోని గ్రంథములను నైసియా సభ నిర్ణయించెను.

రెండును నిజము కావు. కాన్‌స్టంటైను 321లో ఆదివారమును విశ్రాంతిదినముగా శాసించిన మాట సత్యమే కాని, ఆ దినమున విశ్వాసులు కూడుకొనుచుండిరని అంతకు నూటయరువదియేండ్లకు పైగా పూర్వమే, సుమారు 155లో, రోమునగరమున జస్టిన్ అను క్రైస్తవ రచయిత వ్రాసియుంచెను. 325 నాటి నైసియా సభ క్రీస్తు దైవత్వమును గూర్చిన ఏరియసు బోధను, పునరుత్థానపు పండుగ తేదీని విచారించెనే గాని గ్రంథముల పట్టికను విచారింపలేదు.

ఆ జస్టిన్ వర్ణనను మన పెద్దలు సావధానముగా చదువవలెను. పట్టణమువారును పల్లెవారును ఒకచోట చేరుదురు. కాలము చాలినంతవరకు అపొస్తలుల జ్ఞాపకములనో ప్రవక్తల వ్రాతలనో చదువుదురు. అధ్యక్షుడు వానిని అనుసరింపుడని హితవు చెప్పును. అందరును లేచి ప్రార్థింతురు. పిమ్మట రొట్టెయు ద్రాక్షారసమును పంచుకొని, రాలేకపోయినవారికి పరిచారకులచేత పంపుదురు. కలిగినవారు తమకు తోచినంత యిచ్చిన ద్రవ్యము అధ్యక్షుని వద్ద నుండును. దానితో అతడు అనాథలను, విధవలను, రోగులను, చెరసాలలోనివారిని, పరదేశులను ఆదుకొనును.

అపోహ: కానుక యెంత అధికమో ఆశీర్వాదమంత అధికము.

ఈ యపోహ మిగిలినవానికంటె ఎక్కువ కీడు చేయుచున్నది. ఏలయన దీనికి చిక్కువారు పేదలు. బోధకుని పోషించుట ధర్మమని పౌలు చెప్పెను. అయినను ఎవరికిని భారము కాకుండుటకై తాను డేరాలు కుట్టి జీవించెను. దిదాఖే అను ప్రాచీన గ్రంథము మరింత కఠినముగా పలుకుచున్నది: ఆత్మవశుడనని చెప్పుకొనుచు తనకు ధనమిండని యడుగు ప్రవక్త మాట వినరాదు, ఇతర దీనులకొరకు అడిగినచో అతనిని తప్పుపట్టరాదు. స్వస్థతకును ఉద్యోగమునకును వెల కట్టి కానుకలు గుంజు వేదికలకు అపొస్తలుల పరంపరలో చోటు లేదు.

అపోహ: సరళతయనగా సిద్ధాంతమును విడిచిపెట్టుటయే.

కాదు. క్రీస్తు మన పాపములకొరకు మరణించి, సమాధి చేయబడి, మూడవ దినమున లేచి, శిష్యులకు కనబడెనను సువార్తను తాను పొందినట్లే అప్పగించితినని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. సరళతను కోరువారు దీనిని పోగొట్టుకొనరాదు.

కావున పాఠకులారా, వచ్చు ఆదివారము మీ కానుకల సంచిలోని ద్రవ్యమున విధవల పాలెంత, రోగుల పాలెంత అని సంఘపెద్దలను వినయముగా అడుగుడు; సమాధానము లభించువరకు అడుగుట మానకుడు.