మూడు గీతల సిగ్నల్ లేకున్నా ముచ్చట పెట్టొచ్చు: ఈమ్యాక్స్‌లో ఐఆర్‌సీ మొదలుపెట్టడం ఎలా?

ఈ రోజు ఎపిసోడ్ ఫోను చేతిలో ఉండి, ల్యాప్‌టాప్ లేనివాళ్ల కోసం. చర్ల, దుమ్ముగూడెం వైపు ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రోడ్డు మీద ఉంటే ఫోర్‌జీ, నాలుగు చెట్లు దాటితే టూజీ, ఇంకొంచెం లోపలికి పోతే అసలు టవరే లేదు. అట్లాంటి చోట కూర్చొని ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే వీడియోలు తిరగవు. మరి డౌటొస్తే ఎవర్ని అడగాలి? దానికి ఒక పాత దారి ఉంది. దాని పేరు ఐఆర్‌సీ. అంటే ఇంటర్నెట్ రిలే చాట్.

ముందే ఒక మాట. స్క్రీన్ మీద నేను కొట్టినవన్నీ ఇక్కడ పలికినట్టే రాశాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.

అసలు ఐఆర్‌సీ ఏంది?

1988లో ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీలో యార్కో ఓయికారినెన్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. మనలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. ఇందులో ఫోటోల్లేవు, స్టేటస్‌ల్లేవు, బ్లూ టిక్కుల్లేవు. ఫోన్ నంబర్ కూడా అడగదు. మీరు ఒక సర్వర్‌కి కనెక్ట్ అయి, ఒక నిక్‌నేమ్ పెట్టుకొని, ఒక ఛానెల్‌లోకి వెళ్తారు. ఛానెల్ అంటే ఒక గది లాంటిది, పేరు ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది. అక్కడ రాసిన అక్షరాలు మాత్రమే అటూ ఇటూ పోతాయి. ఒక మెసేజ్ గరిష్ఠంగా 512 బైట్లు. అందుకే సన్నటి సిగ్నల్‌లో కూడా నడుస్తుంది.

"ఇంత పాతది ఇప్పుడెవరు వాడతారన్నా?" అంటారేమో. ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు చాలామంది ఇప్పటికీ అక్కడే ఉంటారు. ఎక్కువమంది కలిసేది లిబెరా చాట్ అనే నెట్‌వర్క్‌లో. 2021 మే నెలలో ఫ్రీనోడ్ నుంచి బయటికొచ్చిన వాలంటీర్లు దీన్ని మొదలుపెట్టారు.

ఈమ్యాక్స్ ఎందుకు?

ఈమ్యాక్స్ ఒక టెక్స్ట్ ఎడిటర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఈమ్యాక్స్‌ని విడుదల చేశాడు. ఇందులో ఈఆర్‌సీ అనే చాట్ క్లయింట్ లోపలే ఉంటుంది, వేరే డౌన్‌లోడ్ అక్కర్లేదు. ఒక పక్క కోడ్ రాస్తుంటారు, ఇంకో పక్క ఛానెల్ తెరిచి ఉంటుంది. అక్కడ ఎవరో చెప్పిన లైను కాపీ చేసి ఇక్కడ పెడతారు. చిన్న ఫోనులో యాప్‌లు మార్చుకుంటూ తిరిగే బాధ తప్పుతుంది.

ఫోనులో ఎక్కించడం

ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ కావాలి. దాన్ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి తీసుకోండి. ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన ఫైలు మాత్రం ఎక్కించకండి. టెర్మక్స్ తెరిచి "పీకేజీ ఇన్‌స్టాల్ ఈమ్యాక్స్" అని కొట్టండి. ఈ ఒక్క పనికి మాత్రం డేటా బాగానే అవుతుంది. ఖమ్మమో కొత్తగూడెమో వెళ్లి వైఫై దొరికినప్పుడు చేసుకోండి. తర్వాత ఊళ్లో వాడుకోవచ్చు.

అయిపోయాక "ఈమ్యాక్స్" అని కొట్టి లోపలికి రండి. కీబోర్డ్ పైన టెర్మక్స్ ఒక వరుస బటన్లు ఇస్తుంది: కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్. ఇప్పుడు ఆల్ట్ నొక్కి ఎక్స్ కొట్టండి. కింద చిన్న గీత దగ్గర "ఈఆర్‌సీ-టీఎల్ఎస్" అని రాసి ఎంటర్ కొట్టండి. అది వరసగా అడుగుతుంది:

1. సర్వర్: ఐఆర్‌సీ డాట్ లిబెరా డాట్ చాట్.
2. పోర్ట్: 6697. ఇది ఎన్‌క్రిప్షన్ ఉన్న దారి.
3. నిక్‌నేమ్: మీ ఇష్టం. కానీ మీ అసలు పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టకండి.
4. పాస్‌వర్డ్: మొదటిసారి ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టండి.

స్క్రీన్ నిండా సర్వర్ స్వాగతం, రూల్స్ జారుతూ వస్తాయి. భయపడకండి, అది ఎర్రర్ కాదు. అది ఆగాక "స్లాష్ జాయిన్", ఒక స్పేస్, "హ్యాష్ ఈమ్యాక్స్" అని కొట్టండి. అంతే, ఛానెల్‌లో ఉన్నారు. ఒక్కో ఛానెల్ ఈమ్యాక్స్‌లో ఒక్కో బఫర్. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే కంట్రోల్ ఎక్స్, తర్వాత బి. ఛానెల్ వదలాలంటే "స్లాష్ పార్ట్". మొత్తం బయటికి రావాలంటే "స్లాష్ క్విట్".

నేను చేసిన రెండు తప్పులు

బీటెక్ చదివేటప్పుడు మొదటిసారి ఒక ఛానెల్‌లోకి వెళ్లా. నా ఇంగ్లీషు చూసి నవ్వుతారేమో అని పది నిమిషాలు చూస్తూనే కూర్చున్నా. చివరికి "ఒక డౌట్ అడగొచ్చా?" అని రాశా. ఎవరూ పలకలేదు. నాలుగు నిమిషాలు చూసి, మనల్ని పట్టించుకోరులే అని మూసేశా. ఆ ఛానెల్ ముచ్చట్లు పబ్లిక్‌గా దాచిపెడతారని తర్వాత తెలిసింది. వెతికి చూస్తే, నేను వెళ్లిపోయిన నలభై నిమిషాలకి ఒకాయన "అడుగు, ఉన్నావా?" అని రాశాడు. నేను లేను.

అందుకే చెప్తున్నా. అడగొచ్చా అని అడగకండి, సీదా ప్రశ్నే అడగండి. ఏం చేశారు, ఏం వచ్చింది, ఏం రావాలనుకున్నారు, ఈ మూడూ రాయండి. తర్వాత వేచి ఉండండి. అవతలాయనకి అర్ధరాత్రి అయి ఉండొచ్చు. వచ్చీరాని ఇంగ్లీషు అయినా పర్లేదు, అక్కడున్నవాళ్లలో చాలామందికి అది సొంత భాష కాదు.

రెండో తప్పు పెద్దది. నిక్‌నేమ్ మనదే అని నమోదు చేసుకోవాలంటే నిక్‌సర్వ్‌కి పాస్‌వర్డ్, ఈమెయిల్ పంపాలి. "స్లాష్ ఎంఎస్‌జీ నిక్‌సర్వ్ రిజిస్టర్", తర్వాత ఆ రెండూ. నేను స్లాష్ ముందు పొరపాటున ఒక స్పేస్ కొట్టా. స్పేస్ ఉంటే అది కమాండ్ కాదు, మామూలు మాట. నా పాస్‌వర్డ్ ఛానెల్‌లో అందరికీ కనపడింది! అదే పాస్‌వర్డ్ నా మెయిల్‌కీ ఉంది. ఆ రాత్రి అన్నీ మార్చుకుంటూ కూర్చున్నా. మీరు మాత్రం ఈ పని ఛానెల్‌లో కాకుండా సర్వర్ బఫర్‌లో చేయండి. అక్కడ తప్పు కొట్టినా ఎవరికీ పోదు. పాస్‌వర్డ్ కూడా కొత్తది పెట్టండి.

ఇంకోటి. మీ ఐపీ అడ్రస్ మామూలుగా మిగతావాళ్లకి కనిపిస్తుంది. నిక్‌నేమ్ నమోదయ్యాక, దాన్ని దాచే క్లోక్ ఇమ్మని లిబెరా వాళ్లని అడగండి. ఎవరైనా "ఈ కమాండ్ కొట్టు" అంటే, అదేం చేస్తుందో అర్థమయ్యేదాకా కొట్టకండి.

తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. కానీ ఒక లెక్క ఉంది. ఇంగ్లీషు అక్షరం 1 బైటు. మన తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "భద్రాచలం" అని ఇంగ్లీషులో రాస్తే 12 బైట్లు, తెలుగులో 24. ఒత్తులు, గుణింతాలు కూడా విడిగా లెక్కే. కాబట్టి మన మెసేజ్ తొందరగా నిండిపోతుంది. ఈఆర్‌సీ పొడవైన మాటని తనే ముక్కలు చేసి పంపుతుంది. అయినా చిన్న చిన్న వాక్యాలు రాయడమే మంచిది.

టెర్మక్స్‌లో మన ఒత్తులు సరిగ్గా కూర్చోవు, అక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. అది మీ తప్పు కాదు. కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ దొరికితే ఈమ్యాక్స్ కిటికీలో చూడండి, 27వ వెర్షన్ నుంచి తెలుగు చక్కగా వస్తుంది. కంట్రోల్ హెచ్, మళ్లీ హెచ్ కొడితే ప్రపంచ భాషల పలకరింపులు వస్తాయి. అందులో మన "నమస్కారం" కూడా ఉంది.

దేనికి పనికిరాదు?

నిజం చెప్పాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. అట్లాంటి రోజుల్లో దీన్ని నమ్ముకోకండి. కరెంటు పోయి టవర్ ఆగితే ఏ చాటూ నడవదు. పైగా మీరు ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు వచ్చిన మాటని ఐఆర్‌సీ మీకోసం దాచిపెట్టదు. వాట్సాప్ దాచిపెట్టి తర్వాత ఇస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్ల క్షేమం కోసం ఫోన్, ఎస్ఎంఎస్, వాట్సాప్. నేర్చుకోవడం కోసం ఐఆర్‌సీ.

నేను ఇంజినీర్‌ని అయ్యానంటే అందులో సగం, ముఖం కూడా తెలియని మనుషులు రాసిన ఒక్కో లైను పుణ్యమే. మీ దగ్గర పెద్ద కాలేజీ లేకపోవచ్చు, సీనియర్లు లేకపోవచ్చు. కానీ ఆ గది తలుపు తీసే ఉంది. ఈ రాత్రి వెళ్లండి, ఒక్క ప్రశ్న అడగండి. నాలుగు నిమిషాలకే మాత్రం మూసేయకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.