ఎడారి విడిదికి ముందు: వాహనంలో సామాను సర్దుకునే పద్ధతి

గల్ఫ్ దేశాలలో నవంబరు నుంచి మార్చి వరకు గల కాలం ఎడారి విడుదులకు అనువైనది. పగటి ఎండ తగ్గుతుంది, రాత్రులు చల్లబడతాయి. సెలవులు రాగానే అక్కడి కుటుంబాలు గుడారాలు, వంటపాత్రలు వాహనంలో వేసుకొని ఇసుక మైదానాలకు తరలిపోతాయి. ఈ విహారాన్ని అరబ్బులు ‘కష్తా’ అంటారు. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడిన మన తెలంగాణ, కడప, హైదరాబాదు కుటుంబాలకు కూడా ఈ అలవాటు అబ్బింది. నాలుగు చక్రాలూ లాగే పెద్ద వాహనం ఉన్నవారు పిల్లాపాపలతో బయలుదేరుతున్నారు. సంతోషమే. అయితే బయలుదేరే హడావిడిలో దొరికిన వస్తువును దొరికిన చోట కుక్కి, తలుపు బలవంతంగా మూసి ప్రయాణమయ్యే ధోరణి ప్రమాదకరమైనది. ఎడారిలో కుటుంబ క్షేమం వాహనం శక్తి మీద ఎంత ఆధారపడి ఉంటుందో, అందులోని సామాను అమరిక మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఈ విషయాన్ని కాస్త వివరంగా పాఠకుల ముందుంచుతున్నాము.

బరువు సర్దడం ఎడారివాసులకు కొత్త విద్య కాదు. వాహనాలు రాకముందు బదూలు ఒంటెకు రెండు ప్రక్కలా సమానమైన బరువు కట్టేవారు. ఒక ప్రక్క బరువు ఎక్కువైతే జీను జారుతుంది, ఒంటె వీపు పుండు పడుతుంది, ప్రయాణం ఆగిపోతుంది. 1930 డిసెంబరులో బెర్ట్రమ్ థామస్ అనే ఆంగ్లేయుడు రషీదీ తెగవారి తోడుతో సలాలా నుంచి బయలుదేరి, ‘రుబ్ అల్ ఖాలీ’ మహా ఎడారిని దాటి 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. బరువు మోసినవి ఒంటెలు, దారి చూపినవారు బదూలు. నేడు ఒంటె స్థానంలో ఇంజను వచ్చింది. బరువు సూత్రం మాత్రం మారలేదు.

మొదట లెక్క చూసుకుందాం. ప్రతి వాహనానికీ మోయగల బరువుకు ఒక హద్దు ఉంటుంది. అది తయారీదారు ఇచ్చిన పుస్తకంలోగాని, తలుపు అంచున అతికించిన చీటీలోగాని కనిపిస్తుంది. ఆ హద్దులో సామానుతోపాటు మనుషుల బరువు కూడా చేరుతుందన్న సంగతి చాలామంది గమనించరు. ఒక వాహనం 600 కిలోలు మోయగలదనుకుందాం. తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు కలిసి 270 కిలోలు. నీరు 95 కిలోలు. గుడారం, పరుపులు, దుప్పట్లు 60. పొయ్యి, గ్యాసు, పాత్రలు 35. ఆహారం, ఐసు పెట్టె 40. పార, బెల్టులు, గాలిపంపు వంటి పనిముట్లు 40. మొత్తం 540 కిలోలు. ఇక మిగిలింది 60 మాత్రమే. పైకప్పు మీద 30 కిలోల ఇనుప క్యారియర్ బిగించి ఉంటే సగం అక్కడే పోయింది. దారిలో ఒక బంధువును ఎక్కించుకుంటే హద్దు దాటినట్లే! హద్దు దాటిన వాహనానికి బ్రేకులు ఆలస్యంగా పడతాయి, టైర్లు వేడెక్కుతాయి, స్ప్రింగులు కుంగిపోతాయి.

ఈ లెక్కలో నీటికి 95 కిలోలు ఎందుకని సందేహం రావచ్చు. ఒక లీటరు నీరు ఒక కిలో. త్రాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున ఐదుగురికి రెండు రోజులకు 50 లీటర్లు. దారి తప్పినా, బండి చెడినా ఆదుకోవడానికి మరొక రోజుకు 25 లీటర్లు. వుజూకు, చేతులు, పాత్రలు కడగడానికి 20 లీటర్లు. ఈ నీటినంతా ఒకే పెద్ద డ్రమ్ములో నింపరాదు. అది చిట్లితే అంతా ఇసుకపాలవుతుంది. 10, 20 లీటర్ల డబ్బాలుగా విడదీసి, అత్యవసరపు నీటి డబ్బాపై గుర్తు పెట్టుకోవాలి. ఆ డబ్బాను మరే పనికీ ముట్టరాదు. వుజూకు వాడితే త్రాగడానికి చాలని స్థితి వస్తే తయమ్ముమ్ చేసుకునే వెసులుబాటు షరీఅత్‌లో ఉన్నదని మన పాఠకులకు తెలిసినదే.

ఇక ఏ వస్తువును ఎక్కడ ఉంచాలి? బరువైనవి క్రిందికి, వాహనం నడిమికి దగ్గరగా రావాలి. నీటి డబ్బాలు, పనిముట్ల పెట్టె డిక్కీ నేలమీద వెనుక సీటుకు ఆనించి ఉంచాలి. తేలికైన పరుపులు, దుప్పట్లు వాటిపైన, వెనుక తలుపు వైపున ఉండవచ్చు. బరువంతా వెనుక ఇరుసుకు అవతల చేరితే ముందు భాగం తేలిపోయి స్టీరింగు పట్టు సడలుతుంది. అదేవిధంగా కుడి ఎడమల బరువు సమంగా ఉండాలి. ఇసుక దిబ్బమీద అడ్డంగా వాలినప్పుడు ఒకే వైపు పేర్చిన నీటి డబ్బాలు బండిని ఆ వైపుకే లాగుతాయి.

పైకప్పు మీద సామాను విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా వాహనాల పైకప్పు మోయగల బరువు 100 కిలోల లోపే ఉంటుంది. క్యారియర్ బరువు కూడా అందులోనిదే. ఎత్తున బరువు పెరిగినకొద్దీ బండి బోల్తాపడే అవకాశం పెరుగుతుంది. కనుక నీరు, ఇంధనం, ఇనుప సామాను పైకి ఎక్కించవద్దు. గుడారం, పరుపుల వంటి తేలికైన, స్థలం ఎక్కువ ఆక్రమించే వస్తువులను మాత్రమే పైన కట్టాలి.

సర్దడం ఒక ఎత్తు, బిగించి కట్టడం మరొక ఎత్తు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాహనం దేనికో ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో వెనుక ఉన్న 20 కిలోల డబ్బా తన బరువుకు సుమారు 20 రెట్ల బలంతో, అనగా 400 కిలోలకు సమానమైన బలంతో ముందుకు దూసుకువస్తుంది. దాని ముందు కూర్చున్నది మన పిల్లలే. డిక్కీ నేలలో తయారీదారు అమర్చిన కొక్కేలు ఇందుకోసమే ఉన్నాయి. సాగే రబ్బరు త్రాళ్ళు ఇక్కడ పనికిరావు; బిగింపు బెల్టులు కావాలి. సీట్ల వీపు ఎత్తును మించి సామాను పేర్చవలసి వస్తే మధ్యలో బలమైన ఇనుప జాలీ అమర్చుకోవాలి.

చిక్కుకున్నప్పుడు బండిని బయటకు తీసే పనిముట్లను అన్నిటికంటే అడుగున దాచడం తరచుగా కనిపించే పొరపాటు. చక్రం ఇసుకలో దిగబడ్డాక, ఎండలో సామానంతా దించి పార వెతకవలసిన పరిస్థితి రాకూడదు. పార, చక్రాల క్రింద వేసే పలకలు, లాగుడు బెల్టు, కొక్కేలు, టైరు గాలిని కొలిచే సాధనం, గాలిపంపు ఒకే సంచిలో ఉంచి, తలుపు తెరవగానే చేతికందే చోట కట్టుకోవాలి. ఇసుకలో దిగేముందు టైర్ల గాలిని సుమారు 15 పౌండ్లకు తగ్గిస్తారు. అప్పుడు టైరు వెడల్పుగా పరచుకొని ఇసుకపై తేలుతుంది. తిరిగి తారు రోడ్డెక్కేముందు గాలి నింపకుండా వేగంగా నడిపితే టైరు పగిలిపోగలదు. స్టెప్నీ, జాకీ కూడా సామాను దించకుండా బయటకు తీయగలమో లేదో ఇంటి వద్దనే పరీక్షించుకోవాలి. మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు డ్రైవరు చేతికందే దూరంలో ఉండాలి.

గ్యాసు, పెట్రోలు గురించి రెండు మాటలు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోకుండా నేలమీదనే పేరుకుంటుంది. కాబట్టి సిలిండరును నిలువుగా, గట్టిగా కట్టి, వాల్వు పూర్తిగా మూసి, గాలి ఆడేలా కొద్దిగా కిటికీలు తెరచి తీసుకుపోవాలి. ఎండలో నిలిపిన మూసిన బండిలో దానిని వదలరాదు. అదనపు పెట్రోలును అందుకోసం తయారుచేసిన డబ్బాలోనే నింపాలి. నీళ్ళ సీసాలలో నింపడం ప్రాణాలతో చెలగాటమే. దానిని మనుషులు కూర్చునే చోట, ఆహారం ప్రక్కన ఉంచరాదు.

రాత్రి చలికి గుడారంలో కుంపటి పెట్టుకునే అలవాటు మరింత ఘోరమైనది. మండే బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గుడారంలో, అద్దాలు ఎత్తిన బండిలో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికాలంలో కుటుంబాలకు కుటుంబాలే ఇలా బలైన ఉదంతాలు ఆ దేశాలలో ఉన్నాయి. సామాను పట్టీలో కుంపటి బదులు రెండు దుప్పట్లు ఎక్కువ చేర్చుకోవడమే దీనికి పరిష్కారం. విడిది దిగేచోటు వాగు అడుగున కాకుండా చూసుకోవాలి. దూరాన కురిసిన వర్షం రాత్రివేళ వరదై ముంచుకురాగలదు.

తిరిగి వచ్చాక చేసే పని కూడా ముఖ్యమైనదే. తడి గుడారాన్ని మడిచిపెడితే బూజు పడుతుంది. ఆరబెట్టి, ఇసుక దులిపి మడవాలి. నీటి డబ్బాలను కడిగి, మూతలు తీసి బోర్లించాలి. దీపాల నుంచి బ్యాటరీలు తీసివేయాలి. బెల్టుల కుట్లు చూసి, చిరిగినదాన్ని పారవేయాలి. వంటకు ఒకటి, పడకకు ఒకటి, పనిముట్లకు ఒకటి చొప్పున మూడు పెట్టెలు పెట్టుకొని, ప్రతి మూత లోపలా అందులోని వస్తువుల పట్టీ అతికిస్తే మరుసటి ప్రయాణానికి సగం శ్రమ తగ్గుతుంది. జానమాజులు, ఖిబ్లా చూపే దిక్సూచి పడక పెట్టెలో అన్నిటికంటే పైన ఉంచుకోవచ్చు.

పిల్లలకు కూడా తలా ఒక బాధ్యత అప్పగించండి. ఒకరు నీటి డబ్బాలు లెక్కించాలి, మరొకరు బెల్టులు బిగిశాయో లేదో లాగి చూడాలి. చివరగా, వెళ్ళే చోటు, తిరిగి వచ్చే సమయం ఊళ్ళో ఉన్న ఒక నమ్మకస్తుడికి వ్రాసి ఇవ్వండి. చెప్పిన గడియ దాటితే వెతకడానికి ఒకరున్నారన్న భరోసా మీ సామానులో ఏమాత్రం బరువులేని వస్తువు. దానిని మాత్రం ఇంటి వద్ద మరచిపోవద్దు.