ఓరుగల్లు: జెండాలు మారినా నిలిచిన ప్రాంతాభిమానం

నిజాం రాజ్యంలో సర్కారు వ్యవహారం ఉర్దూలో నడిచే రోజుల్లో, 1904లో, హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. పేరుకు గ్రంథాలయమే. కానీ వరంగల్‌లో సంస్కృతి ముందు నడిచి రాజకీయం వెనక రావడం అక్కడే మొదలైంది.

నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక కొలువులకు బయటివారు పెద్దసంఖ్యలో వచ్చారు. 1952లో స్థానికేతరులను ఉపాధ్యాయులుగా వేయడంపై వరంగల్ విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ ముల్కీ (స్థానికుల) ఉద్యమం హైదరాబాద్‌కు పాకి, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. అందులో పాల్గొన్న అక్కంపేట విద్యార్థి కొత్తపల్లి జయశంకర్ ఆర్థికశాస్త్ర ఆచార్యుడై, 1991లో కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలు కట్టి ప్రత్యేక తెలంగాణ ఆవేశానికి వాదబలం ఇచ్చింది ఆయనే. తెలంగాణ రాష్ట్రం రాకముందే, 2011 జూన్ 21న కన్నుమూశారు.

ఇక్కడి ఓటరు ఏ పార్టీకీ కట్టుబానిస కాడు. 1971లో తెలంగాణ ప్రజా సమితి గెలిచిన పది లోక్‌సభ స్థానాల్లో వరంగల్ ఒకటి. 1984లో బీజేపీకి దేశం మొత్తం మీద దక్కినవి రెండే సీట్లు. వాటిలో ఒకటి హనుమకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడింది సాక్షాత్తు పి.వి. నరసింహారావు. అదే ఊళ్లో అప్పటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విప్లవ విద్యార్థి రాజకీయాలకు అడ్డాగా ఉండేది. కాషాయం, ఎరుపు ఒకే వీధిలో తిరిగిన పట్టణమిది.

పార్టీలను మించి నిలిచింది యాస, పండుగ. మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావు జనం మాటనే కవిత్వం చేశారు. ఆయన జయంతి సెప్టెంబరు 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర ఆడే సద్దుల బతుకమ్మ తెలంగాణ ఉద్యమకాలంలో నిరసన వేదికగానూ మారింది. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరలో విగ్రహాలు లేవు, పూజారులు కోయలు. ఆ జాతర దేవతలు సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే తమ బరువుకు సరితూగే బెల్లం, సమర్పించేవాళ్లలో అన్ని పార్టీల నాయకులూ ఉంటారు. ఓట్లకోసమని కొందరంటారు గానీ భక్తి, లెక్క రెండూ కలిసే ఉంటాయి.

రాష్ట్రం వచ్చాక ఇక్కడి కాకతీయ తోరణం ప్రభుత్వ చిహ్నంలోకి ఎక్కింది. 2015 ఉప ఎన్నికలో నాలుగున్నర లక్షలకు పైగా మెజారిటీతో టీఆర్ఎస్‌ను గెలిపించిన వరంగల్, 2023లో ఉమ్మడి జిల్లాలోని 12 శాసనసభ స్థానాల్లో పదింటిని కాంగ్రెస్‌కు అప్పజెప్పింది. మరుసటేడు లోక్‌సభ సీటునూ దానికే ఇచ్చింది.