కామ నిలుచును, బ్లేడు మారును

మన దేశమున హాకీ యన్నంతనే ధ్యాన్‌చంద్ పేరును, పచ్చికబయలును, చివర కొక్కెమువలె వంగిన పొట్టి కర్రయు మనసున మెదలుట సహజము. కాని యీ వ్యాసమునకు విషయమైన కర్ర శీతలదేశమైన కెనడాలో, గడ్డకట్టిన నీటిమీద ఉక్కు స్కేట్లు తొడిగికొని పరుగులిడు ఆటగాండ్ర చేతులలో పెరిగినది. పొడవైన కామయు, దాని యడుగున సుమారొక యడుగు నిడివిగల పలుచని బ్లేడును తప్ప దానికి వేఱు అవయవములు లేవు. ఆ రెంటిని కలుపు సంధి యేవిధముగా నుండవలెనను ప్రశ్నయే నూఱేండ్లకు పైగా దాని చరిత్రను నడిపినది.

పందొమ్మిదవ శతాబ్దమున నోవాస్కోషియా ప్రాంతపు మిక్‌మాక్ జాతివారు, హార్న్‌బీమ్ అను మిక్కిలి గట్టి వృక్షముయొక్క వేరు వంగిన చోటు చూచి కోసి, ఆ సహజమైన వంపునే కర్రకు మడమగా నుంచి, సమస్తమును ఏకఖండముగా చెక్కెడివారు. దారువులోని నారలు తెగక వంపువెంటనే తిరిగిపోవుటచే ఆ కర్రకు అతుకును లేదు, అతుకువలని దౌర్బల్యమును లేదు. డార్ట్‌మత్ పట్టణమందలి స్టార్ కర్మాగారమువారు అట్టి కర్రలను మిక్‌మాక్ పేరుతోనే విక్రయించిరి. అయితే వంకరవేళ్ల చెట్లు కోరినన్ని దొరకునా? ఆట వ్యాపించినకొలది తిన్నని కలపనుండి కామ నొకటిగా, బ్లేడు నొకటిగా కోసి జిగురుతో నతికించు పద్ధతి వచ్చెను. పిమ్మట పలుచని పొరల నంటించుటయు, గాజునార చుట్టుటయు వచ్చెను. ఇన్ని వచ్చినను ఆ యతుకు విడదీయరాని యతుకే. బ్లేడు చీలినచో, కామ యెంత నిక్షేపముగా నున్నను, కర్ర యంతయు పొయ్యిపాలే.

బ్లేడే ముందుగా చెడుటకు కారణము దెబ్బకొట్టు తీరులోనే యున్నది. మూడంగుళముల వ్యాసమును, అంగుళము మందమును గల గట్టి రబ్బరుబిళ్లను, ఎక్కువగా ఎగిరిపడకుండ ముందే శీతలీకరించి, ఆటలో పెట్టుదురు. బలముగా కొట్టదలచినవాడు బిళ్లను సూటిగా కొట్టడు. బిళ్లకు కొంచెము వెనుక మంచునే కొట్టును. అప్పుడు బ్లేడు మంచున ఆగగా, పైనుండి త్రోయు చేతుల బలమునకు కామ వంగి, ఆ వంపున శక్తిని నిలువచేసికొని, బిళ్ల తగిలిన క్షణమున విడుచును. వంగి లేచుట కామ వంతు. మంచు తాకిడియు, బిళ్ల తాకిడియు, ఎదుటివాని స్కేటు అంచును, కరగిన నీటి తడియు బ్లేడు వంతు.

దీనికి తోడు 1960 దశకపు తొలినాళ్లలో షికాగో జట్టు ఆటగాడు స్టాన్ మికిటా కర్ర అభ్యాసవేళ చీలి వంగినదనియు, కోపముతో దానినే ప్రయోగింపగా బిళ్ల వింతగా దూసికొనిపోయినదనియు చెప్పుదురు. అటుపిమ్మట అతడును, బాబీ హల్ అను సహచరుడును కావలెననియే బ్లేడులను వంచిరి, ఇతరు లనుకరించిరి. ఒక్కొక్కని చేతికి ఒక్కొక్క వంపు పొసగును గనుక, బ్లేడు విరిగినపుడు అదే వంపుగల మఱియొక బ్లేడు కావలెనను కోరికయు బలపడెను.

ఇక్కడ కథలోనికి బాణములు వచ్చును. 1922 లో కాలిఫోర్నియాలో విండ్లను, బాణములను చేయు వృత్తి నారంభించిన డగ్ ఈస్టన్, కలపతో చేసిన బాణములు ఒకదానితో నొకటి సరిపోలకపోవుటచే విసిగి, అల్యూమినియపు గొట్టములవైపు మఱలెను. ఆయన స్థాపించిన సంస్థ క్రమముగా మంచుపై జారువారి ఊతకర్రలను, బేస్‌బాల్ బ్యాట్లను, తుదకు హాకీ కామలను చేసినది. గొట్టము బోలుగా నుండుట యిక్కడ పెద్ద సౌకర్యము: కొయ్యబ్లేడునకు పైన నాలుకవంటి కొనను చెక్కి, ఆ బోలులో దూర్చి, వేడికి కరగెడి జిగురుతో నిలిపిరి. మన పల్లెలలో పార నిలుచును, కామ అరుగును. ఇచ్చట దానికి విపర్యయము, కామ నిలుచును, పలక పోవును. కొయ్యకర్రతో కీర్తి గడించిన వేన్ గ్రెట్‌స్కీ వంటివాడు 1990 ప్రాంతమున అల్యూమినియమును చేపట్టుటతో తక్కినవారి సందేహములు తీరెను. తరువాత లోహమునకు బదులు కార్బన్‌నార కామలు వచ్చినను ఈ పద్ధతి మారలేదు.

ఆ మార్పిడి కనులార చూడదగినది. కామ కొనకు నాలుగైదంగుళముల మేర హీట్‌గన్నును త్రిప్పుచు వేడిగాలి తగిలింపవలెను, ఒకేచోట నిలుపరాదు. లోని జిగురు మెత్తబడినంతట, మందపు చేతొడుగుతో పట్టి లాగినచో, పాతబ్లేడు తొలుత మొరాయించి, పిదప సన్నని జిగురు దారములు సాగదీయుచు వెలికి వచ్చును. ముక్క లోపలనే విరిగి చిక్కినచో, దానిలోనికి స్క్రూ నొకటి బిగించి, దానిని పట్టకారుతో లాగుదురు. క్రొత్తబ్లేడు నాలుకకు జిగురు ముందే పూసియుండును. అది నిగనిగలాడువరకు కాచి, కామలోనికి నెట్టి, వంకర లేకుండ చూపు సరిచేసి, పొంగిన జిగురు తుడిచి, చల్లారువరకు కదలింపక యుంచవలెను. తొందరపడి అప్పుడే మంచుపై దిగినవాని బ్లేడు రెండవ దెబ్బకే పక్కకు తిరుగును.

ఇందలి మర్మము రెండు బంకల స్వభావభేదము. కామలోని నారలను బంధించు ఎపాక్సీయందు అణుశృంఖలములు ఒకదానితో నొకటి అడ్డముగా ముడివడి యుండును గావున, ఒకసారి గట్టిపడినది మరల ద్రవము కానేరదు. సంధిలోని జిగురున కట్టి ముడులు లేవు; వేడికి శృంఖలములు జారును, చల్లదనమునకు మరల పట్టుకొనును. అయినను అతితాపమునకు ఎపాక్సీయు సడలి, పొరలు విడును. ఆత్రముతో స్టవ్వు మంటమీద పెట్టినవాడు బ్లేడు కొఱకు కామనే కోల్పోవును.

ఇంత యుక్తమైన ఏర్పాటును వృత్తి ఆటగాండ్రు విడిచిరనిన వింతగా తోచును. సంధి యున్నచోట కొయ్యయు, జిగురును, గొట్టమును ఒకదానిపై నొకటి చేరి బరువెక్కును. వంగవలసిన చోట బిగుసుకొనును. ఆ దోషమును తగ్గింప కామ కొనను సన్నగా చేసి, దానికి తగిన సన్ననాలుక బ్లేడులను చేసిరి. అందువలన దుకాణమున రెండు కొలతలు వెలసి, ఒకదాని బ్లేడు మఱొకదానికి పట్టక కొనువారికి చిక్కు వచ్చెను. 2000 ప్రాంతమున ఈస్టన్‌వారే సినర్జీ అను పేర, అరకిలోకు లోపు బరువుతో, కామయు బ్లేడును ఒకటిగా గల కార్బన్ కర్రను తెచ్చిరి. కర్రలకు జట్టు వెల చెల్లించునపుడు విరుగుట యొక బాధ కాదు; కాని బిడ్డ కర్రకు వందల డాలర్లు పోయు తండ్రికి అది బాధయే. ఈ వ్యాసకర్త మొగ్గు ఆ తండ్రివైపే.

అట్టివారే విరిగిన ఏకఖండపు కర్రలను పారవేయక, బ్లేడు పైభాగమున రంపముతో కోసి, ఆ బోలులోనికి సన్ననాలుక బ్లేడు నెక్కించుచున్నారు. కోసినందున పొడవు తగ్గును. పొడవు తగ్గిన కామ మునుపటివలె వంగదు. కామను అంగుళము వంచుటకు ఎన్ని పౌనుల బలము కావలెనో తెలుపుచు దానిమీద అచ్చువేసిన సంఖ్య అప్పటినుండి చెల్లదు. పొడవు పెంచుటకు పైకొనలో కొయ్యబిరడా నొకటి అదే జిగురుతో దిగవేయుదురు; దానివలన అందుబాటు పెరుగునే గాని, కొయ్య కార్బనువలె వంగదు గావున పోయిన మెత్తదనము పూర్తిగా తిరిగి రాదు.