మీ బొటనవేలు పక్కచూపులు చూస్తోందా?

వెండితెర మీద నాట్యం మొదలైతే కెమెరా ముందు కాళ్ళ దగ్గరికే పరుగెడుతుంది. గజ్జెలు, పారాణి... చూసే మనకు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆ బొటనవేలు ఎటు తిరిగి ఉందో ఎవరైనా గమనిస్తారా?

కొందరికి బొటనవేలు మెల్లమెల్లగా రెండోవేలి మీదికి వాలిపోతుంది. దాని మొదట్లో ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది. డాక్టర్లు దీన్ని 'బనియన్' అంటారు. ఒంటికి తొడుక్కునేది కాదు లెండి! వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. ఇరుకు మూతి బూట్లు, హైహీల్స్ దానికి ఆజ్యం పోస్తాయి. 1958లో హాంకాంగ్‌లో సిమ్ ఫుక్, హాడ్జ్‌సన్ అనే డాక్టర్లు జనం పాదాలు పరీక్షించి చూశారు. బూట్లు వేసుకునేవాళ్ళలో నూటికి 33 మందికి బొటనవేలు వాలి ఉంది. వట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళలో నూటికి ఇద్దరికే!

గన్నవరంలో బస్సెక్కి, బెజవాడ బీసెంట్ రోడ్డులో కొత్త హీల్స్ కొనుక్కొచ్చే అమ్మాయిలూ, ఒక్కసారి మన జిల్లాలోనే ఉన్న కూచిపూడి వైపు చూడండి. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, కాలివేళ్ళ పట్టుతో దాన్ని నడిపిస్తుంది. ఆ ఊళ్ళో పుట్టిన వెంపటి చినసత్యం మద్రాసు వెళ్ళి సినిమాలకు నృత్యాలు కూర్చారు, 1963లో అక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అంత పేరున్న నాట్యానికి ఆధారం ఆ కాలివేళ్ళే. బొటనవేలు నొప్పెడితే పళ్ళెం మాట అటుంచి, అడుగు వేయడమే కష్టం!

ఈ వంకర నెమ్మదిగా వస్తుంది కనుక కంటికి తెలీదు. కొలిస్తే తెలుస్తుంది. పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు తిప్పి నేల మీద పరచండి. రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి, వట్టి పాదాలతో నిలబడండి. గీసే పని చెల్లెలికో, స్నేహితురాలికో అప్పగించండి. మీరే వంగితే బరువు ఒక పక్కకు పోయి బొమ్మ మారుతుంది. పెన్సిల్ నిటారుగా ఉండాలి సుమా!

ఇప్పుడు బొమ్మలో లోపలి అంచు చూడండి. మడమ దగ్గరి ఉబ్బునూ, బొటనవేలి మొదటి ఉబ్బునూ తాకేలా స్కేలు పెట్టి గీత గీసి ముందుకు పొడిగించండి. మొదటి ఉబ్బు నుంచే బొటనవేలి అంచును తాకుతూ ఇంకో గీత. రెండు గీతల మధ్య కోణాన్ని తమ్ముడి జామెట్రీ బాక్సులోని కోణమానినితో కొలవండి. మూడు బొమ్మలు గీసి సగటు తీస్తే మరీ మంచిది. తేదీ రాసి దాచండి. మూడు నాలుగు నెలల తర్వాత, రోజులో అదే వేళకు మళ్ళీ గీయండి.

డాక్టర్లు ఎక్స్‌రేలో ఎముకల మధ్య కోణం 15 డిగ్రీలు దాటితే వంకర అంటారు. మనం కొలిచేది చర్మం అంచు. అందుకని ఆ అంకెతో పోల్చుకుని బెంగపడకండి. మీ పాత బొమ్మతోనే పోల్చుకోండి. ఒకటి రెండు డిగ్రీల తేడా పెన్సిల్ చేసే అల్లరే కావచ్చు. ప్రతిసారీ పెరుగుతూ పోతే, నొప్పి, ఎరుపు, తిమ్మిరి ఉంటే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళు అంతదాకా ఆగకూడదు. వేళ్ళ మధ్య పెట్టుకునే రబ్బరు దిమ్మెలు నొప్పి తగ్గిస్తాయేమో గానీ ఎముకను సరిచేయవు. ఎముక సరికావాలంటే ఆపరేషనే. ఆ తర్వాత మళ్ళీ గజ్జె కట్టడానికి నెలలు పడుతుంది.

అన్నట్లు, ఆ బొమ్మల్లో ఒకటి కత్తిరించి మీ చెప్పు మీద పెట్టి చూడండి. వేళ్ళ దగ్గర కాగితం బయటికొచ్చిందా? ఆ చెప్పు మీది కాదు, అభిమాన తార వేసుకున్నదే అయినా సరే! కొత్తవి కొనడానికి సాయంత్రం పూట వెళ్ళండి, పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం మరవకండేం!