తాకని కంచం: అనారెక్సియా, స్కిజోఫ్రీనియా రోగుల నర్సింగ్ సంరక్షణ

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ హాస్టళ్లలో పోటీ పరీక్షల అభ్యర్థి భోజనం మానితే, దానిని కేవలం చదువు ఒత్తిడిగా భావించే ప్రమాదం ఉంది. అనారెక్సియా నెర్వోసా, స్కిజోఫ్రీనియా తరచుగా కౌమార, యౌవన దశల్లోనే బయటపడతాయి. కనుక నిరాకరణకు కారణం తెలుసుకోవడం నర్సు తొలి కర్తవ్యం.

అనారెక్సియాలో బరువు పెరుగుతామన్న భయం ఆహారాన్ని దూరం చేస్తుంది. నర్సు భోజన సమయంలోను, ఆ తరువాత కొంతసేపు రోగి చెంతనే ఉండాలి. స్కిజోఫ్రీనియాలో అన్నంలో విషం కలిపారన్న భ్రమ కారణం కావచ్చు. అప్పుడు వాదించక, సీలు విప్పని ఆహారాన్ని రోగి చేతికే అందించాలి.

దీర్ఘకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా అధికాహారం ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందువల్ల ఇరువురికీ వైద్య పర్యవేక్షణలో ఆహారాన్ని క్రమంగానే పెంచాలి. తొలి సలహాకు టెలీ మానస్ 14416 అందుబాటులో ఉంది.